గోడకు వినబడేలా

సెప్టెంబరు 18, 2011. ఆదివారం, సిరిసిల్ల

జగిత్యాల నుంచి ఇదే ఆఖరి బస్సు. కండక్టరు టికెట్టు చింపుతూ నవ్వాడు. "దిగినంక మల్ల ఎక్కుడు ఎన్నడో. రాత్రి సంది మేం గూడ సమ్మెల ఉంటం చెల్లె." కొండగట్టు దగ్గర సగం బస్సు దిగిపోయింది.

రానని చెబుదామనే అనుకున్నాను. అవ్వ కన్నతల్లే అయినా, ఫోనులో ఏడ్చి ఉంటే వచ్చేదాన్ని కాదు. ఏడవలేదు. "నాకు నోటికచ్చిన వాక్యాలన్ని ఒడిసినయ్ బిడ్డా. నువ్వచ్చి సదువు" అంది. అంతే. బియ్యం ఒడిసినట్టు.

ఈ ఊళ్ళో దిగగానే చెవుల్లో దూది పెట్టినట్టు అనిపించింది. సిరిసిల్లలో నేను ఎప్పుడు దిగినా మరమగ్గాల చప్పుడు ముందు వచ్చి పలకరించేది. రోజుకు ఇరవై గంటలు కొట్టే ఊరు. ఇప్పుడు తెలంగాణ కోసం గనుల్లో సమ్మె, బొగ్గు లేదు, కరెంటు లేదు. సందుల్లో మనుషులు అరుగుల మీద కూర్చుని తమ చేతులను తామే చూసుకుంటున్నారు. ఎవరి ఇంట్లోనో గిన్నె కింద పడితే వీధి మొత్తం ఉలిక్కిపడింది.

రెండు వారాలు. అంతకంటే ఒక్క రోజు కూడా ఉండను.

సెప్టెంబరు 19, సోమవారం

తెల్లవారుజామున అయిదు. చాప, కిరోసిన్ దీపం, వాగ్దానాల డబ్బా. రొట్టె ఆకారంలో ఉండే ఎర్ర ప్లాస్టిక్ డబ్బా అది. బాపు కోరుట్ల సంఘంలో ఉన్నప్పుడు పాస్టరు గారు ఇచ్చింది. లోపల చిట్టి చిట్టి కార్డులు, కార్డుకో బైబిలు వాక్యం. పొద్దున్నే ఒకటి తీయాలి, గట్టిగా చదవాలి, ప్రార్థన చేయాలి. నూలు గోదాముకు కాపలా ఉండటానికి కోరుట్ల వదిలి ఇక్కడికి వచ్చిన ఎనిమిదేళ్ళూ బాపు ఒక్క రోజు తప్పలేదు. ఈ మే నెలలో చనిపోయే వరకు.

"గోడ దిక్కు తిరుగు" అంది అవ్వ.

"ఎందుకు?"

"మీ బాపు గట్లనే కూసునేటోడు. గట్టిగ సదువు."

"దేవునికి చెవుడా అవ్వా?"

"దేవునికి గాదు. గోడకు ఇనవడాలె."

నవ్వాను. అవ్వ నవ్వలేదు. ఒకే పెంకుటింటిని ఇటుక గోడ పెట్టి రెండు చేశారు. ఇటు మేము. అటు పక్కింటి జలపతి కాక మగ్గాల షెడ్డు. గోడ పైకప్పు దాకా పోదు. దూలానికీ ఇటుకకీ మధ్య జానెడు చీకటి.

చదివాను. అవ్వ ప్రార్థన చేసింది. ఆమెన్ అంది. నేను ఆమెన్ అన్నాను.

మూడో ఆమెన్ ఎవరు అన్నారు?

సెప్టెంబరు 20, మంగళవారం

మళ్ళీ. బొంగురుగా, నేల నుంచి వచ్చినట్టు. అవ్వ కళ్ళు మూసుకునే ఉంది. అడిగితే, "పార్థనల నడుమ లెక్కలు వెట్టకు" అంది.

బాపు గొంతు బొంగురే.

నేను భయపడలేదు.

సెప్టెంబరు 22, గురువారం

ఆమెన్ అయిన వెంటనే టార్చి పట్టుకుని బయటికి పరుగెత్తాను. షెడ్డు తలుపుకు తాళం. ఇంత పెద్ద ఇత్తడి తాళం, మంచుకు తడిసి చల్లగా ఉంది. చెవి ఆనించి విన్నాను, లోపల ఎవరో ఊపిరి తీసుకున్నట్టు. మగ్గాలు ఊపిరి తీసుకోవు కదా.

మధ్యాహ్నం గంటసేపు కరెంటు వస్తే కాక షెడ్డు తెరిచాడు. రెండు మగ్గాలు. పోయి గడపలో నిలబడ్డాను. కాకకు యాభై దాటి ఉంటాయి. దారం పోగులాంటి మనిషి.

"ఏం బిడ్డా, జగిత్యాల సదువులు ఒడిసినయా? తెలంగాణ అచ్చినంకనే పోతవా ఇగ?"

"కాకా, పొద్దుగాల అయిదింటికి నీ షెడ్డుల ఎవలన్న ఉంటరా?"

కాక నా వైపు చూడలేదు. గుడ్డ అంచు సవరించాడు. "తాళమాయె. దయ్యాలు గూడ కరెంటు లేనిదే డ్యూటీకి రావు గీ ఊర్లె."

వాకిట్లో నూలు కండెలు చుడుతున్న కాక భార్య రాధమ్మ చిన్నమ్మ అందుకుంది. "ఈయననా లేసేది? నాలుగున్నరకు నేను నల్ల కాడికి పోతె, నీళ్ళు పట్టుకచ్చెదాక ముసుగు తియ్యడు."

అంతలో కరెంటు పోయింది. చప్పుడు ఆగకముందే కాక చేయి రెండు మగ్గాల హ్యాండిళ్ళనూ వెనక్కి గుంజేసింది. నేను చూస్తుంటే చెప్పాడు. "గిది మర్వద్దు. హ్యాండిలు గుంజకుంట పోయినమనుకో, మనం లేనప్పుడు కరెంటత్తది, మగ్గం దాని మానాన అది నడుత్తది. గుడ్డంత ఖరాబు. ముప్పై ఏండ్లల్ల ఒక్కనాడు మర్వలే నేను."

ఎవరూ లేకుండా నడిచే మగ్గం. రాత్రంతా అదే కళ్ళ ముందు.

సెప్టెంబరు 25, ఆదివారం

ఇక్కడ తప్ప ఎక్కడా చెప్పను. నేను చదవడం లేదు.

మొదటి రోజు చదివాను. రెండో రోజు కార్డు తీశాను, దీపం ముందు పెట్టాను, చూపు అక్షరాల మీద నిలబడలేదు. మే నెలలో బాపు పోయిన రోజు పొద్దున వచ్చిన కార్డు దీర్ఘాయువు గురించి. తనే చదివాడు, తనే సంతోషపడ్డాడు, పదకొండింటికి గోదాము మెట్ల మీద కూలిపోయాడు. ఆ డబ్బాతో నాకు మాటల్లేవు.

అవ్వకు చదువు రాదు. అందుకని నేనే అల్లుతున్నాను. చిన్నప్పటి నుంచి విన్న భాషే కదా, ఆ నడక నోటికి వస్తుంది. "నీవు నాటినది మొలచును, వానకు భయపడకుము." అవ్వ తల ఊపింది. బియ్యెస్సీలో రాని మార్కులు దీంట్లో వచ్చేవి. తీసిన కార్డును చదవకుండా ఈ డైరీలో పెట్టుకుంటున్నాను, డబ్బాలో మళ్ళీ నా చేతికే రాకుండా.

ఎవరికి నష్టం?

ఇంకొకటి కనిపెట్టాను. నేను మంచి మాట అల్లితే గోడవతల ఆమెన్ వెంటనే వస్తుంది. నీరసమైన మాట అల్లితే ఆలస్యంగా వస్తుంది. ఇవాళ కావాలనే పేలవంగా చెప్పాను. "ఈ దినము కూడ ఒక దినమే." చాలాసేపు ఏమీ లేదు. తర్వాత పొడుగాటి ఊపిరి. తర్వాత ఆమెన్.

రేపు మళ్ళీ చేసి చూస్తాను.

జగిత్యాల నుంచి నా స్నేహితురాలు శైలజ ఫోను చేసింది. జగిత్యాలలో రోడ్డు మీదే వంటా వార్పు. రిలే దీక్షలో రోజుకో పదిమంది కొత్తవాళ్ళు కూర్చుంటున్నారట. "నీ పేరు రెండుసార్లు రాసి కొట్టేసినం. ఏంజేత్తున్నవే గాడ?"

"గోడకు వాక్యం చెబుతున్న."

"గోడ మారుమనస్సు పొందిందా మరి?"

ఇద్దరం నవ్వాం. నేను ముందుగా ఆపేశాను.

సెప్టెంబరు 28, బుధవారం

పక్క సందులో బతుకమ్మ పాటలు. మగ్గాలు లేకపోవడంతో చప్పట్లు ఒక్కొక్కటీ విడివిడిగా వినబడుతున్నాయి.

శైలజ వాళ్ళ అన్న పాల వ్యాను సోమవారం ఈ ఊరి మీదుగా కరీంనగర్ పోయి జగిత్యాల వెళుతుంది. పాల బళ్ళను ఎవరూ ఆపడం లేదు. వస్తానని చెప్పేశాను. అవ్వకు కూడా.

అవ్వ బీడీ ఆకు కత్తిరిస్తోంది. కత్తెర ఆగింది. "మరెవలు సదువుతరు?"

"నువ్వే చెప్పు నోటికి వచ్చింది. నిన్న చెప్పిందే మళ్ళీ చెప్పు. ఏమైతది?"

"నిన్నటిది ఇయ్యాలకు పనికిరాదు బిడ్డా."

"ఎవరికి పనికిరాదు?"

కత్తెర మళ్ళీ కదిలింది. "మీ బాపు మాటిచ్చిండు. నేను నోరిడువ" అని మాత్రం అంది. చనిపోయినవాళ్ళ మాట, గోడకు వాక్యం. ఈ ఇంట్లో బతికున్న దాన్ని నేనొక్కదాన్నే అనిపించింది.

అక్టోబరు 1, శనివారం

రెండు రోజులుగా కరెంటే లేదు. జలపతి కాక షెడ్డు గడప మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో చేతులు, వేరే ఎవరివో దాచిపెట్టమని ఇచ్చినట్టు.

"బిడ్డా, రేపు గూడ ఉంటవా?"

"రేపు ఉంట కాకా. సోమవారం పోతున్న."

లెక్క వేసుకుంటున్నట్టు పెదవులు కదిలాయి. "సోమారం పొద్దుగాల ఉంటవు గదా మరి."

"పొద్దుగాల ఉంట. పన్నెండింటికి వ్యాను."

"మంచిదే" అన్నాడు.

ఎందుకు అడిగాడో నేను అడగలేదు. అంతా గమనిస్తానని పేరు నాకు.

అక్టోబరు 2, ఆదివారం

పేలవమైనదే చెప్పాను. ఆమెన్ రావడానికి అరవై దాకా లెక్కపెట్టాను.

అక్టోబరు 4, మంగళవారం

నిన్నటిది ఇవాళ రాస్తున్నాను. వరుసగా రాస్తాను. వరుస తప్పితే రాయలేను.

నిన్న పొద్దున అయిదు. అవ్వతో రాత్రే గొడవ అయింది, నేను పళ్ళు బిగించే ఉన్నాను. కార్డు తీశాను. చూడలేదు. వెళ్ళిపోవడానికి నాకు నేనే అనుమతి ఇచ్చుకోవాలనుకున్నాను. అవ్వకు ఎదురు చెప్పే వీలు లేకుండా, పై నుంచి వచ్చినట్టు.

గోడ వైపు తిరిగి గట్టిగా అన్నాను. "నీ పని ముగిసెను. నీ చేతులను దింపుకొనుము. ఇక నీవు ఎవరి కొరకును వేచియుండ నక్కరలేదు."

చాలా బాగా వచ్చింది. ఆ సంగతి కూడా రాయాలి. అంత బాగా నేను ఎప్పుడూ అల్లలేదు.

అవ్వ కళ్ళు తెరిచింది. ప్రార్థన మొదలుపెట్టలేదు. ఆమెన్ అనలేదు. నేనూ అనలేదు.

గోడవతల నుంచి ఆమెన్ రాలేదు. ఒక్క మాట వచ్చింది. ప్రశాంతంగా.

"మంచిదే."

అవ్వ చీర కొంగు సర్దుకోకుండా బయటికి ఉరికింది. షెడ్డుకు తాళం అలాగే ఉంది. పేరు పెట్టి పిలిచింది. కాసేపటికి జలపతి కాక ఇంటి వెనక నుంచి వచ్చాడు, మొహం కడుక్కుంటూ, మామూలుగా. "ఏమాయె అక్కా? పోరి అప్పుడే వ్యాను ఎక్కిందా?" నవ్వాడు కూడా. అవ్వ అతని మొహం చాలాసేపు చూసింది. తర్వాత తిరిగి వచ్చి చాప చుట్టింది.

తొమ్మిదింటికి పావుగంట కరెంటు వచ్చి పోయింది. పదిన్నరకు రాధమ్మ చిన్నమ్మ సద్దుల బతుకమ్మకు పూలు తేవడానికి బజారుకు పోయింది. నేను సంచి సర్దుకున్నాను. 

పదకొండుకు మళ్ళీ కరెంటు వచ్చింది.

వీధంతా కేక వేసింది. ఎక్కడెక్కడి మగ్గాలో ఒక్కొక్కటే అందుకుంటున్నాయి. మా గోడవతలా మొదలయ్యాయి. నేను చెప్పులు వేసుకుంటున్నాను. అవ్వ ఒళ్ళోని బీడీల చాట పక్కకు పెట్టి తల ఎత్తింది.

"రెండు ఒక్కపాలే మొదలైనయ్."

"అయితే?"

"మనిషి ఉంటె ఒకటెన్క ఒకటి నడిపిత్తడు. హ్యాండిళ్ళు గుంజలే ఆయన. మగ్గం ఎవ్వలు లేకుంట నడుత్తంది అఖిలా!"

అవ్వ వెంట షెడ్డు వెనక్కి ఉరికాను. తాళం ముందు వైపే. వెనక తలుపు ఉందని నాకు తెలియదు. వారం రోజులు తాళం చూసి వచ్చి వణికినదాన్ని, ఒక్కసారీ ఇంటి వెనక్కి పోయి చూడలేదు.

లోపల మగ్గాలు రెండూ వాటంతట అవే కొట్టుకుంటున్నాయి. పోగులు తెగి గుడ్డ చీలికలై పోతోంది, ఆపేవాళ్ళు లేరు. వాటి మధ్య కాక. కాళ్ళు పట్టుకుని పైకి ఎత్తింది నేను. అంత సన్నటి మనిషికి అంత బరువు ఎక్కడిది? అవ్వ స్టూలు ఎక్కి బీడీ ఆకు కత్తెరతో తాడు కోసింది. కోస్తున్నంతసేపూ అరుస్తూనే ఉంది, దేవుడితో కాదు, అతనితో. "ఇయ్యాల్టికి ఆగు జలపతీ! ఇయ్యాల్టికి ఆగు!"

ఊపిరి ఉంది.

అంబులెన్సు కంటే ముందే, చెప్పిన వేళ కంటే తొందరగా పాల వ్యాను వచ్చింది. నన్ను తీసుకుపోవడానికి వచ్చిన వ్యాను. క్యానుల మధ్య కాకను పడుకోబెట్టి, బజారు నుంచి పరుగెత్తుకొచ్చిన రాధమ్మ చిన్నమ్మను ఎక్కించి, కరీంనగర్ పంపించాం. ఆమె చేతిలో తంగేడు పూలు అలాగే ఉన్నాయి. ఎక్కుతూ తాళం చెవుల గుత్తి అవ్వ చేతిలో పెట్టింది.

మగ్గాలు ఆపింది నేనే. హ్యాండిలు చాలా సులువుగా వెనక్కి వచ్చింది.

అక్టోబరు 5, బుధవారం

అవ్వ చెప్పింది. బీడీలు చుడుతూ, తల ఎత్తకుండా.

మూడేళ్ళ కింద ఒక తెల్లవారుజామున బాపు గోదాము డ్యూటీ దిగి వస్తూ షెడ్డులో వెలుతురు చూశాడట. కాక స్టూలు మీద ఉన్నాడు. బాపు అరవలేదు, పట్టుకోలేదు. పోయి పక్కన కూర్చున్నాడు. తెల్లారేదాకా కూర్చుని ఒక్కటే అడిగాడు. "రేపు పొద్దుగాల నేను సదివేది ఇనేదాక ఆగు. ఇని, మల్ల నీ ఇష్టం." మర్నాడు చదివాడు. ఆ మర్నాడూ. ఒక వాక్యానికి ఒక రోజు. ఏ రోజుకా రోజు బేరం.

"రాధమ్మకు తెల్వద్దన్నడు జలపతి. కులపోళ్ళకు తెలుస్తె, మతం కలిసిండని ఆడిపోసుకుంటరన్నడు. మీ బాపు మాటిచ్చిండు. ఆమె నల్ల కాడికి పోంగనే ఎనుక తలుపులకెళ్ళి వచ్చి గోడకు ఆనుకొని కూసునేటోడు."

"నాకు చెప్పాల్సింది అవ్వా."

"నువ్వు సదువుతవనుకున్న."

కత్తెర చప్పుడు.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"రెండో నాడే. నీ కండ్లు కాయితం మీద లేకుండె. సదువు రాకుంటె సూపు గూడ రాదా బిడ్డా?" బీడీకి దారం చుట్టి, "గాని మాటలు మంచిగనే ఉండె. నీ నోట్లె గూడ దేవుడే పెడుతున్నడు కావచ్చనుకున్న" అంది.

డైరీ చివర నేను దాచిన కార్డులన్నీ పరిచాను. సోమవారంది అన్నిటికంటే పైన ఉంది. తీసి చదివాను. చావు గురించి కాదు. బతుకు గురించి. రెండే రెండు వరుసలు. నీలం రంగు కార్డు.

పక్క సందులో బతుకమ్మలను నిన్ననే సాగనంపారు. ఊరంతా మళ్ళీ దూది.

అక్టోబరు 6, గురువారం

చదివాను. కార్డులో ఉన్నది ఉన్నట్టు. గోడ వైపు తిరిగి.

"ఎవ్వలు లేరు గదా అవ్వా అవతల" అన్నాను.

"లేకున్న సదువుడే. ఆయన సుట్టాలింటికి పోయిన దినాలు గూడ మీ బాపు ఆపలే."

రెండు ఆమెన్లు. మూడోది లేదు. నమ్మకం వచ్చిందని రాయను. చదివాను, అంతే రాస్తాను.

అక్టోబరు 7, శుక్రవారం

రాధమ్మ చిన్నమ్మ ఫోను చేసింది. కాక కళ్ళు తెరిచాడు. గొంతు లోపల నలిగిందట. నెల దాకా మాట రాదు, రావాలని ప్రయత్నం కూడా చేయొద్దన్నారట డాక్టరు.

"ఏందో కాయితం మీద రాసి సూపిత్తండు వదినె. పొద్దటి సంది గదే. 'ఇయ్యాల్టిది?' అని. ఏం ఇయ్యాల్టిది? మందా, బువ్వనా? నాకేం సమజైతలేదు."

అవ్వ ఫోను నా చేతికి ఇచ్చింది. రాధమ్మకు చెప్పనని ఇచ్చిన మాట అడ్డం వచ్చినట్టు నా వైపు చూసింది. కార్డు తెచ్చుకుని, అతని చెవి దగ్గర ఫోను పెట్టమన్నాను. చదివాను. అవతల మంచం కిర్రుమన్న చప్పుడు. తర్వాత చిన్నమ్మ ఏడుపు. "తల ఊపుతండు బిడ్డా. ఏం సదివినవే, తల ఊపుతండు."

"రేపు అయిదింటికి ఫోను దగ్గర ఉండు చిన్నమ్మా" అన్నాను.

సాయంత్రం శైలజ. ఎల్లుండి ఇంకో వ్యాను ఉందట. రానన్నాను. "గోడకు ఇంకా సమజ్ కాలేదా?" అంది. ఈసారి నవ్వలేకపోయాను. ఇక్కడ కూడా రిలే దీక్షే అన్నాను. దానికి అర్థం కాలేదు.

అక్టోబరు 8, శనివారం

అయిదు. చాప, దీపం, డబ్బా. ఫోను స్పీకరులో పెట్టి చాప మీద ఉంచాను. అటు ఆసుపత్రి వార్డు గాలి చప్పుడు. పసుపు రంగు కార్డు. గోడ వైపు తిరిగి, గట్టిగా, ఒక్క అక్షరం మార్చకుండా చదివాను. అవ్వ ప్రార్థన చేసింది.

అవ్వ ఆమెన్ అంది. నేను అన్నాను.

ఫోనులో ఏమీ రాలేదు. రాదు కదా.

గోడవతల నుంచి ఆమెన్ వచ్చింది. బొంగురుగా. వెంటనే.

ఇద్దరం కదల్లేదు. తాళం చెవుల గుత్తి అవ్వ కొంగు ముడిలో ఉంది. అవ్వ దాన్ని విప్పి నా చేతిలో పెట్టింది. పోయి చూశాను. ముందు తాళం వేసే ఉంది. వెనక తలుపుకు సోమవారం నేనే వేసిన గొళ్ళెం, దాని మీద సాలెగూడు. లోపలికి వెళ్ళాను. మగ్గాలు రెండూ, నేను గుంజిన హ్యాండిళ్ళు గుంజినట్టే ఉన్నాయి. గోడ దగ్గర నేల మీద, మూడేళ్ళుగా ఒక మనిషి కూర్చుని కూర్చుని నున్నబడ్డ చోటు. చేయి పెట్టి చూశాను.

వెచ్చగా ఉంది.

తిరిగి వచ్చేసరికి అవ్వ చాప చుట్టేసింది. "లెక్కలు వెట్టకు" అంది.

పెట్టలేదు. రేపటికి కిరోసిన్ ఉందో లేదో చూసి వచ్చాను. ఉంది.